సాక్షి దిమ్మె

దాన్ని మేం కొండ అనేవాళ్ళం.
మారేడుమిల్లి వైపు నుంచి కోడలిగా వచ్చిన సింగారి
మొదటిసారి చూసి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.
"మా వైపు దీన్ని పుట్టంటారండీ."
నవ్వదూ మరి!
కాలవ గట్టు తప్ప ఎత్తన్నది ఎరగని నేల మాది,
పళ్ళెంలో పోసిన జావలా
ఎటు వంచితే అటు సాగే నేల.

మా నాన్న మూడో నంబరు లాకుల దగ్గర లస్కరు.
నీళ్ళని అడుగుల్లో, అంగుళాల్లో తప్ప
మాటల్లో నమ్మని మనిషి.
కాలవ కట్టేసిన ఒక ఎండాకాలం
పాత గేజీ బద్ద భుజానేసుకుని
కొండని కొలుద్దాం రమ్మన్నాడు.
మెట్టుమెట్టుగా బద్ద నిలబెట్టుకుంటూ ఎక్కాం.
సుద్దగీతలు నావి, అంకెలు ఆయనవి.
ముప్పై ఒక్క అడుగుల నాలుగంగుళాలు.
పైనున్న ఒంటి తాడిచెట్టుని కలపలేదు.
"చెట్టు పెరుగుద్ది, లెక్కలోకి రాదు" అన్నాడు.
కొండ తరుగుద్దని ఆయనకి తట్టలేదు.

అక్కణ్ణించి చూస్తే
కొబ్బరి తలల మీదుగా పంటు రేవు,
సున్నం కొట్టిన సమాధులు,
లంక పొగాకు ఆరేసిన పందిళ్ళు,
ఇంకా అవతల, నానబెట్టిన చాపలా గోదారి.
కింద చాకిరేవులో నూకాలమ్మ
కొండలో దొరికిన మూరెడు ఇటిక మీదే
ముప్పై ఏళ్ళు బట్టలుతికింది.
పట్నం నుంచొచ్చిన కళ్ళజోడాయన
అది బౌద్ధుల కాలం నాటిదంటే
"కాలం ఎవరిదైతేనేం బాబూ,
మురికి వదుల్తోంది" అంది.

గండి పడిన రాత్రి ఊరంతా దాని మీదే.
గేదెలు, బియ్యం మూటలు, ఎవరిదో హార్మోనియం,
బడి హాజరు పట్టీ గుండెకి కట్టుకుని మాస్టారు.
పాములూ ఎక్కాయి. ఎవర్నీ కరవలేదు.
ఎవరి పేట వాళ్ళు విడిగా కూర్చునేంత చోటు
కొండ మీద లేదు.
రెండు రోజులు ఒకే కుండలో గంజి.
నీళ్ళు తీశాక మళ్ళీ ఎవరి పేటకి వాళ్ళం.

ఆ తెల్లవారుజామున సత్యవేణికి పుట్టినవాడు కొండబాబు.
ఇరవై ఆరో ఏట వాడే ప్రొక్లైన్ ఎక్కి
కొండ భుజం మీద మొదటి పంటి గాటు పెట్టాడు.
వాణ్ణేమనను?
ట్రిప్పు ఆరొందలని
పదకొండు ట్రిప్పులు నేనూ తోలించుకున్నాను.
వాకిలి పల్లం, వానొస్తే పొయ్యి దాకా నీళ్ళు.

కొండ ఎక్కడికీ పోలేదు.
రొయ్యల చెరువు గట్టులో ఉంది,
చర్చి మెట్ల కింద ఉంది,
మా వంటింటి గచ్చు కింద ఉంది.
జల్లు పడితే పెరట్లో పెంకులు తేలతాయి,
మా ఆవిడ తిట్టుకుంటూ చీపురుతో తోస్తుంది.
ఊరంతా జానెడు లేచింది.
ఎక్కడానికే ఏమీ లేదు.

కొలతల కోసం మధ్యలో ఒక దిమ్మె వదిలారు.
సాక్షి దిమ్మంటారట.
ఎంత తవ్వారో అది చెబుతుంది,
బిల్లు పాసయ్యాక దాన్నీ తీసేస్తారు.
నెత్తి మీద తాడిచెట్టు,
సగం వేళ్ళు గాల్లోకి.

నిన్న అటకెక్కి గేజీ బద్ద దించాను.
కొండబాబు నిచ్చెనేసుకుని పైకెళ్ళి
రాయి కట్టిన తాడు వదిలాడు.
కిందనించి నేను కొలిచాను.
ఇరవై ఎనిమిది అడుగులు.
మళ్ళీ వదలమన్నాను.
ఇరవై ఎనిమిదే.
"ఏం మాస్టారూ, తేడా వచ్చిందా?"
వాడికి జవాబు చెప్పలేదు.

వానలకి కరిగి ఉండొచ్చు.
ఆ రాత్రి ఎక్కిన కాళ్ళు తొక్కి ఉండొచ్చు.
లేకపోతే,
నీళ్ళ లెక్కలో అంగుళం అబద్ధమాడని మనిషి
కొండ కదా, పోనీలే అని
మూడడుగులు కలిపి చదివాడేమో.